చాటున బట్టిన మాట

(పఠనమందిరమున మేము చేసిన యుపన్యాసము)



పరుల సంభాషణమును వారెఱుగకుండ యంత్రమున బట్టి శాస్త్రపరిశోధనకు వాడుకొనవచ్చునా? కూడదనియే మా యభిప్రాయము. న్యాయవాదుల మగుటచే న్యాయస్థానమునుండియే నిదర్శనము దెచ్చుచున్నాము.

1954వ సంవత్సరమున అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రమందలి విచిటా నగరపు ఫెడరల్ న్యాయస్థానమున, షికాగో విశ్వవిద్యాలయ పండితులు జూరీగదిలో మైక్రోఫోను దాచి, కొన్ని సివిలు వ్యాజ్యములలో జూరీవారి చర్చలను రికార్డు చేయించిరి. న్యాయాధిపతి యనుమతించెను. ఉభయపక్షముల న్యాయవాదులును సమ్మతించిరి. పేరులు మార్చుటకు నేర్పాటు జరిగెను. మాటలాడిన జూరీసభ్యులను మాత్రము ఎవరును అడుగరైరి! 1955లో సంగతి బయటపడగా సెనేటు ఉపసంఘము విచారణ జరిపెను. ఫెడరల్ జూరీల చర్చలను రికార్డు చేయుట నేరమని 1956లో శాసనము వెలసెను. గోడకు చెవియున్నదను శంక కలిగినపిమ్మట ఏ జూరీసభ్యుడు మనసువిప్పి మాటలాడును?

కావలివాని యనుమతితో ఇల్లు జొచ్చినవాడు అతిథి కానేరడు. ఇంటివాని నడుగవలెను.

“ముందు చెప్పినచో సహజముగ మాటలాడరు గదా” యని కొందఱందురు. కావచ్చును. కాని విద్యకు వేఱు మార్గములు లేవా? ఆ పండితులలోని హ్యారీ కాల్వెన్, హాన్స్ జైసెల్ అనువారలు 555 మంది న్యాయాధిపతులను ప్రశ్నపత్రములచే నడిగి, 3,576 విచారణల వివరములు సేకరించి, 1966లో జూరీనిగూర్చి గొప్పగ్రంథమును వెలువరించిరి.

ఇది అమెరికా సంగతియని మనము ఊరకుండరాదు. పరప్రభుత్వమునకు వేగులవాండ్రు లేకపోలేదు. అయినను మన బహిరంగసభలకు వచ్చు పోలీసు లఘులేఖకుడు వేదిక యెదుటనే కూర్చుండి వ్రాసికొనెడివాడు. స్వతంత్రదేశపు విద్వాంసుడు అతనికంటె దిగజారవలెనా?

2017లో మన సుప్రీముకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమికహక్కని ఏకగ్రీవముగ నిర్ణయించిరి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పరిశోధనకు కొన్ని షరతులపై మినహాయింపు నొసంగినది. చట్టము విడిచినంతమాత్రమున ధర్మము విడువదు.

పల్లెల పలుకుబళ్లను, పాటలను, కథలను సేకరించు యువకులారా! యంత్రము తెఱచుటకు ముందే మీ యుద్దేశమును తెలుపుడు. ఎవరు విందురో, ఎంతకాలము దాచెదరో చెప్పుడు. చదువురాని ముదుసలిచేత కాగితముపై వేలిముద్ర వేయించినంత చాలదు. ఆమెకు బోధపడువఱకు నోట చెప్పవలెను. ఆమె వలదన్నచో, పట్టినదంతయు ఆమె యెదుటనే చెఱిపివేయుడు. మాట ఆమె సొత్తు. అడిగి తీసికొనుటయే విద్యార్థికి మర్యాద.