పరదేశంలో మన కుర్రవాని తీరిక
(ఉగాది సభలో చదివిన ఉపన్యాసము)

పండితులు మాట్లాడిన వేదికపై మావంటి రైల్వే గుమాస్తాలకు పని తక్కువ. మెట్రిక్ వరకు చదివి, టిక్కెట్ల మధ్య, కాలపట్టికల మధ్య పొద్దు పుచ్చేవారము. కవిత్వం గూర్చి చెప్పజాలము గనుక, మాకు తెలిసిన ఒక సంగతి మనవి చేస్తాము.

మాది మోర్ధానా వైపు. చిత్తూరు కొండలలో పుట్టిన కౌండిన్య నది మోర్ధానా మీదుగా గుడియాత్తం చేరి, ఆపైన పాలారులో కలుస్తుంది. ఏటికి సరిహద్దు తెలియదు. మాకు మాత్రం తెలియవలసి వచ్చింది. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1960లో సరిహద్దులు సవరించారు. మేము గీతకు ఈవల, తమిళదేశంలో నిలిచాము. యింట్లో తెలుగు, బజారులో తమిళం. అందుచేత మా పిల్లవాడు విమానం ఎక్కకముందే సగం ప్రవాసి.

పరదేశం పోవుట మనకు కొత్త కాదు. మన పెద్దలు రంగూను రేవులో మూటలు మోశారు. మలయా తోటలకు పోయినవారు 1955లోనే అక్కడ ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. మదరాసు నుండి పెనాంగు, సింగపూరులకు 1926 మొదలు 1973 వరకు తిరిగిన రజులా ఓడను యెరిగిన ముసలివారు మన కుటుంబాలలో వున్నారు. ఆనాడు ఉత్తరం అందేసరికి వారాలు గడిచేవి. నేడు మా కుర్రవాడు కాట్పాడిలో రైలెక్కి, మదరాసులో విమానమెక్కి, ఒక్క పూటలో కువైట్‌లోనో దుబాయిలోనో దిగుతున్నాడు. మొగము చూస్తూ మాట్లాడుతున్నాడు. దూరం తగ్గింది గదా, యిక దిగులెందుకని మనమనుకుంటాము. ఆ దిగులెక్కడ వున్నదో చెప్పాలనే మా యత్నం.

వాని దినచర్య వినండి. ఒక గదిలో అంతస్తుల మంచాలు. వంటకు వంతులు. తెల్లవారకముందే స్నానానికి వరుస. కువైట్‌లో జూన్ మొదలు ఆగస్టు చివర వరకు పగలు 11 నుండి 4 గంటల దాకా బయట యెండలో పని చేయించరాదని నిబంధన. అందుచేత వేసవిలో పని చీకటితోనే మొదలవుతుంది. సాయంత్రం ఖుబ్బూస్ రొట్టె, పప్పు, ఆపైన ఫోను. అక్కడ రాత్రి 8 అయితే మన యింట 10.30. రైల్వేవాళ్ళము గనుక యీ రెండున్నర గంటలు మాకు బాగా లెక్కకు వస్తాయి. వానికి తీరిక చిక్కేవేళకు యింట్లో పసిబిడ్డ నిద్రపోయి వుంటుంది. తండ్రి బిడ్డ నిద్రమొగమే చూస్తున్నాడు.

శుక్రవారం సెలవు. బట్టలు వుతుకుట, క్షవరం, యింటికి డబ్బు పంపుట—వీటితో సగం పొద్దు పోతుంది. మిగిలిన సగం వానిది. కొందరు ఖాళీ మైదానంలో క్రికెట్ ఆడతారు. కొందరు కువైట్ నగరంలో మాలియాకు పోతారు. రాయచోటి, రాజంపేట వైపువారు అక్కడ గుంపులుగా కనబడతారు. చెట్టు నీడన, దుకాణం మెట్ల మీద, మన వూరి సంతలో వలె మాటలు సాగుతాయి. వానలు పడినప్పుడు, ‘మోర్ధానా మరవ పోతున్నదా?’ అని యింటికి ఫోను చేసి అడుగుతారు. గుడియాత్తం గంగమ్మ సిరసు వుత్సవాన్ని ఫోనులోనే చూచి దణ్ణం పెట్టుకుంటారు.

యింటి డ్రైవరుగా, వంటమనిషిగా పోయినవారికి యీ పాటి తీరికయినా గట్టి కాదు. కువైట్ 2015లో చేసిన 68వ చట్టం ప్రకారం వారికి కూడా వారానికొక సెలవు, దినానికి 12 గంటలకు మించని పని, యేటా జీతంతో సెలవు వుండాలి. హక్కు కాగితం మీద వున్నది. అది వున్నదని పోయేవానికి ముందుగా తెలియాలి. అలాగే మన దేశపు నిబంధనల ప్రకారం రిజిస్టరయిన ఏజెంటు తీసుకొనదగినది పన్ను కాక 30,000 రూపాయలు మాత్రమే. అంతకు మించి అప్పుచేసి యిచ్చినవాడు సెలవునాడు కూడా పనికి పోతాడు. వాని తీరిక వడ్డీ క్రింద జమ అవుతుంది.

యిక మా సరిహద్దువాని ప్రత్యేక కష్టం. అక్కడ తెలుగువారి సంఘం వున్నది, తమిళుల సంఘమూ వున్నది. మావాని తెలుగు విని, ‘అరవయాస వున్నదే’ అంటారు. తమిళులు, ‘నీవు తెలుగువాడవు గదా’ అంటారు. ఉగాదికి, చిత్తిరైకి రెండు పిలుపులూ వస్తాయి. రెండు చోట్లా వెనుక బెంచీయే. అంతకంటె పెద్ద కష్టమొకటి. పక్క మంచంవాడు తెలుగు పత్రిక చదివి నవ్వుతుంటే, మావాడు, ‘యేముందన్నా, చదివి చెప్పు’ అంటాడు. మాట వచ్చును, అక్షరం రాదు.

2006 నాటి చట్టంతో తమిళనాట పాఠశాలల్లో తమిళం తప్పనిసరి అయినది. తమిళం వద్దని మేము అనము. అన్నం పెట్టే భాష, చక్కని భాష. కాని తెలుగు అక్షరాలు నేర్పే పని అంతకంతకు బడి చేతినుండి మన చేతికి వచ్చింది. దానిని మనము యింకా అందుకొనలేదు. యీ సభలో కూర్చున్న పిల్లలలో యెందరు యీ సంచికను తామై చదువగలరో, తల్లులే చెప్పాలి. చదువలేని పిల్లవాడు రేపు యే దేశానికి పోయినా, వాని తీరికవేళకు తోడుండే పుస్తకం ఒకటి తగ్గిపోయినట్లే.

కావున మూడు మనవులు. వారానికొకసారి అయినా, డబ్బు మాట లేకుండా కుర్రవానితో మాట్లాడండి. యేమి వండుకున్నావు, యెవరితో ఆడావు అని అడగండి. రెండు: మన సంఘం ఆదివారంనాడు గంటసేపు అక్షరాల బడి పెట్టాలి, పలక, బలపం చాలు. సెలవున్న ఆదివారాల్లో వచ్చి నేర్పుటకు మేము సిద్ధము. మూడు: సెలవుమీద వచ్చినవానిని పెట్టె తెచ్చిన చుట్టము వలె చూడవద్దు; యింటి మనిషి వలె, ‘కూర్చో నాయనా, అన్నం తిను’ అనండి.

వాడు పంపే డబ్బుతో మిద్దె లేస్తుంది. ఆ మిద్దెలో వాడు పరాయివాడు కాకుండా చూచుకొనుట మన పని. యీ నూతన వత్సరం దూరాన వున్న మన బిడ్డలందరికీ ఆరోగ్యాన్ని, కంటినిండా నిద్రను, చేతినిండా పనిని, నాలుగు ఘడియల తీరికను యిచ్చుగాక అని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.