ఇంటి యజమాని బాధ్యతలు ఎంతవరకు?

(చేవెళ్ల, మొయినాబాద్ మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బీజాపూర్ రోడ్డు వెంట కాలేజీలు, ఫాంహౌసులు పెరిగాయి. చదువు కోసం, పని కోసం వచ్చిన ఆడవాళ్లు మొయినాబాద్‌లో, చేవెళ్లలో గదులు కిరాయికి తీసుకుంటున్నారు. ఒంటరి స్త్రీ ఇల్లు అడిగితే మొదటి ప్రశ్న కిరాయి గురించి కాదు. "మీ ఆయన ఏడుంటడు?" అని. ఈ ప్రశ్న నన్నూ అడిగారు. ఇల్లు దొరికాక కూడా ఎవరొచ్చారు, ఎందుకు ఆలస్యమైందన్న విచారణ ఆగదు. యజమాని తండ్రి స్థానంలోనో, భర్త స్థానంలోనో నిలబడతాడు. అదంతా మన మంచికేనంటాడు.

చట్టం ఆయనకు అప్పగించిన పని ఇది కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఇంట్లో తనకు తెలిసిన, బయటికి కనిపించని లోపాన్ని యజమాని ముందే చెప్పాలి. కిరాయి కడుతూ షరతులు పాటించినంతకాలం ఆమెను ప్రశాంతంగా ఉండనివ్వాలి. మరమ్మతులన్నీ ఆయనవేనని ఆ చట్టం చెప్పదు కనుక ఆ సంగతి ఒప్పందంలో రాయించుకోవాలి. నెలవారీ కిరాయికి, వేరే ఒప్పందం లేనప్పుడు, 15 రోజుల రాతపూర్వక నోటీసు అవసరం. నోటీసిచ్చినా తాళం వేసే హక్కు రాదు, కోర్టుకు వెళ్లాల్సిందే. దౌర్జన్యంగా వెళ్లగొడితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల లోపల దావా వేసి ఇంటిని తిరిగి పొందవచ్చు.

2025లో ఈ రెండు ఊళ్లూ మునిసిపాలిటీలయ్యాయి. మునిసిపాలిటీలకు వర్తించే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కిరాయికి రసీదు ఇవ్వాలంటుంది, నీళ్లు, కరెంటు ఆపకూడదంటుంది. అయితే 2005 సవరణ ప్రకారం మునిసిపాలిటీల్లో నెలకు 2000 రూపాయలు దాటిన కిరాయిలకు అది వర్తించదు. అలాంటి వారికి పై రెండు చట్టాలే ఆధారం.

ఇంకో చిక్కు ఉంది. ఒప్పందం సాధారణంగా భర్త పేరిట ఉంటుంది. అతను వదిలి వెళ్లిపోతే, "నాకు నీతో ఒప్పందం లేదు" అంటాడు యజమాని. 2005 నాటి గృహహింస చట్టం కిరాయి ఇంటిని కూడా ఉమ్మడి గృహంగానే గుర్తిస్తుంది. హింసకు గురైన స్త్రీకి వేరే వసతి చూపమని, లేదా దాని కిరాయి కట్టమని 19వ సెక్షన్ కింద మెజిస్ట్రేట్ భర్తను ఆదేశించవచ్చు.

కాబట్టి మన సంఘాలు చేయాల్సిన పని స్పష్టం. ఒప్పందంలో స్త్రీ పేరు రాయించాలి, ప్రతి నెలా రసీదు అడిగించాలి, తాళం పడిన రోజే ఆమె వెంట నిలబడాలి. కిరాయి కట్టిన స్త్రీ ఎవరి దయ మీదా ఉండటం లేదు. ఆమె నడవడికి కాపలా కాయడం యజమాని బాధ్యతల్లో ఎక్కడా రాసిలేదు.