ఆ పదిమంది పిల్లలు



క్రీడా మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ అంటే ఏం చదువుతావని చాలామంది అడిగారు. ఒక ప్రయోగంతో చెబుతాను. 1898లో అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ తన పరిశోధన ప్రచురించారు. 40 మంది పిల్లల చేత చేపల గాలం చక్రం తిప్పించారు. ఒకసారి ఒంటరిగా, ఒకసారి పోటీగా. పోటీలో 20 మంది వేగం పెరిగింది. 10 మందికి పెద్దగా తేడా లేదు. మిగతా 10 మంది కంగారుపడి, కండరాలు బిగుసుకుని వెనకబడ్డారు.

చేతకాక కాదు, పక్కన పోటీ ఉన్నందుకు. అలాంటి పిల్లలకు నిబ్బరం ఎలా నేర్పాలన్నదే నా పరిశోధన.

మాస్టార్లకు ఒక్క మనవి. ఆఖరున వచ్చిన పిల్లల పేర్లు జట్టులోంచి కొట్టేసేముందు, వాళ్లను ఒకసారి ఒంటరిగా పరిగెత్తించి చూడండి.