బోరు మోటారు, కంప్యూటరు కొలువు

మన అనంతపురం జిల్లా విడపనకల్లు వైపు వేసవిలో బోరు మోటారు ఆగిపోతే, మెకానిక్ కుర్రాడు స్టార్టరు డబ్బా తెరిచి ముందు మూడు ఫేజులూ వస్తున్నాయా అని టెస్టు ల్యాంపుతో చూస్తాడు. తర్వాత ఫ్యూజు, ఆపైన రిలే. ఒక్కో అనుమానం తీరాకే ఇంకోదాని మీద చెయ్యి వేస్తాడు. ప్రోగ్రాములో తప్పు వెతికే తీరూ ఇదే. ఆ కుర్రాడే కోడింగు నేర్చుకుని ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, ఈ పనితనాన్ని కంపెనీ లెక్కలోకి తీసుకోవాలా? తీసుకోవాలనే అంటాను.

మోటారు విప్పినంత మాత్రాన జావా వస్తుందా అని అడగవచ్చు. రాదు. ఒక విద్య మరోదానికి ఉపకరించేది రెండింటిలో ఉమ్మడి అంశాలున్న మేరకేనని మనస్తత్వ శాస్త్రవేత్తలు థార్న్‌డైక్, వుడ్‌వర్త్ 1901లోనే తేల్చారు. మైక్రోసాఫ్ట్ సీఈవో సత్య నాదెళ్లనే చూడండి. ఆయన తండ్రి యుగంధర్‌ది మన జిల్లా బుక్కాపురం. మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివిన సత్య, అమెరికాలో కంప్యూటర్ సైన్సు విడిగా నేర్చుకున్నారు. పాత చదువు కొత్తదానికి తోడైందే తప్ప బదులు కాలేదు. అలాగని ప్రతి అదనపు సర్టిఫికెట్టుకూ మార్కులు వేస్తూ పోతే, కాగితాలు కొనుక్కోగలిగిన వాళ్లే గెలుస్తారు, పల్లె పిల్లలు మళ్లీ వెనకబడతారు. అది అన్యాయం. అందుకే ఇంటర్వ్యూ చేసేవారికి నా మనవి: మోటారు పని తెలుసన్న అభ్యర్థి ముందు చెడిపోయిన చిన్న ప్రోగ్రాము పెట్టి, అరగంట సమయమివ్వండి. తప్పు ఎలా వెతుకుతున్నాడో పక్కన కూర్చుని చూడండి.