పాత ఛాయాచిత్రాలలో బజారు బ్రతుకు

పాత ఛాయాచిత్రం చేతికి వచ్చినప్పుడు మనం ముందుగా చూచేది నడుమనున్న వస్తువును. అది గోపురం కావచ్చు, కోటగుమ్మం కావచ్చు, కొలువుదీరిన ప్రభువు కావచ్చు. చిత్రం తీసినవారి ఉద్దేశం కూడ అదే. అయితే బజారు చరిత్ర తెలిసికోగోరేవారు నడుమను విడిచి అంచులను పరిశీలించాలి. పిలువని పేరంటంగా చిత్రంలోకి వచ్చినవారే మనకు ముఖ్యులు.

హైదరాబాదులోని చార్మినారు వీధిని తీసుకొందాం. 1844లో సర్ధనాలో జన్మించి, 1905లో కీర్తిశేషులైన రాజా దీన్ దయాళ్ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారులు. ఆ కాలపు చిత్రాలలో చార్మినారు ఠీవిగా నిలిచి ఉంటుంది. దాని పాదాల చెంత తలపాగాల జనం, ఎడ్లబండ్లు, దుకాణాల ముందు దించిన పరదాలు కనబడుతవి. వీధి నడిచిపోవడానికే కాదు. నిలిచి మాట్లాడుకోవడానికి, బేరమాడుకోవడానికి కూడ అని ఆ చిత్రాలు చెప్పకయే చెప్పుతవి.

తేదీ వ్రాయని చిత్రానికి కాలం నిర్ణయించేదీ వీధియే. చార్మినారుకు నాలుగు వైపులా గడియారాలు అమర్చినది 1889లో. గడియారం లేని చిత్రం అంతకు ముందుది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద అనంతరం, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కాలంలో పత్తర్‌గట్టీకి ఒకే తీరు రాతి కమానుల దుకాణాలు వచ్చినవి. ఆ కమానులు కనబడితే చిత్రం వరదకు తరువాతిదని గ్రహించవచ్చు.

కాని ఛాయాచిత్రం పూర్తి సాక్షి కాదు. నాటి కెమేరా కదలికను చక్కగా పట్టలేక పోయేది. అందువల్ల తీరికగా నిలిచి చూచినవాడు స్పష్టంగా నిలిచినాడు. మూట మోస్తూ నడిచినవాడు మసకనీడగా మిగిలినాడు. అంటే పనిచేసినవాడే తరచు చిత్రంలో చెరిగిపోయినాడు. ఘోషా స్త్రీలు వీధిచిత్రాలకు అందనేలేదు. వారికొరకు దీన్ దయాళ్ 1892లో ప్రత్యేకంగా జనానా చిత్రశాలను స్థాపించవలసి వచ్చినది. కనుక చిత్రంలో లేనివారు ఊరిలో లేరని తలపరాదు.

దీన్ దయాళ్ గాజుఫలకాలు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నవి. రాజధాని వీధికి ఆ భాగ్యం కలిగినది. మరి మన వీధులకో?

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడూ జిల్లా కేంద్రాలైనవి. మొదటి రెండూ నిజాం కాలపు రైలుదారి మీది ఊళ్లు. భూపాలపల్లి సింగరేణి బొగ్గుగనులతో, చెల్పూరు విద్యుత్కేంద్రంతో పెరిగిన ఊరు. పల్లె పట్టణమైన ఆ మార్పును కండ్లార చూచినవారు ఇంకను మన మధ్య ఉన్నారు. ఆ బజారును చిత్రించడానికి ఆస్థాన చిత్రకారుడెవరూ రాలేదు. దాని చరిత్ర మన ఇండ్లలోని పెట్టెలలోనే ఉన్నది.

పెండ్లి ఊరేగింపు చిత్రంలో వరుని వెనుకనున్న దుకాణపు బోర్డు చూడండి. బతుకమ్మ ఆడే వీధిలోని అరుగులు చూడండి. కొత్త సైకిలు ప్రక్కన నిలిచిన బాలుని వెనుక చాయ హోటలు ఉన్నదేమో చూడండి. రహదారి వెడల్పయితే అరుగు పోతుంది, బోర్డు పోతుంది; ఆ చిత్రమొక్కటే మిగులుతుంది.

పెద్దలను దగ్గర కూర్చుండబెట్టుకొని, ఏ వీధి, ఏ సంవత్సరం, వెనుకనున్నదెవరి అంగడి అని అడగండి. ఆ సమాధానాలను చిత్రం వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాయండి. చెమ్మకు, ఎండకు దూరంగా ఉంచండి. నేడు చేతి ఫోనుతో తీసే చిత్రాలకు సైతం ఊరు, వీధి పేరు చేర్చండి. పేరు లేని చిత్రం రెండు తరాలు గడిస్తే ఎవరిదో తెలియని కాగితం. పేరు వ్రాసిన చిత్రం ఊరి ఆస్తి.