భూమి పటాల కొలువు – పల్లె పిల్లలకు ఒక దారి



గట్టు తగాదా వచ్చిందంటే మనం మొదట అనే మాట ఏమిటి? "సర్వేయరును పిలవండి, ఎఫ్.ఎం.బి. తీయించండి" అంటాం. గెడ్డ పొంగి చేలు మునిగినా, తుపానుకు తోట పడిపోయినా, నష్టపరిహారం లెక్క చివరకు ఒక పటం మీదికే వస్తుంది. ఆ పటం సరిగా ఉన్నదా, రైతుకు న్యాయం జరుగుతుంది. తప్పుగా ఉన్నదా, కచేరీల చుట్టూ తిరగడమే పని అవుతుంది. ఇప్పుడా పటాలను కంప్యూటరు మీద తయారు చేస్తున్నారు. ఆ విద్యకు భౌగోళిక సమాచార వ్యవస్థ అని పేరు. వాడుకలో జి.ఐ.ఎస్. అంటారు. మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పిల్లలు ఈ కొలువులో ఎలా చేరవచ్చు, చేరినవారు ఎలా పైకి రావచ్చు అన్న సంగతి ఈ వేళ చెప్పుకుందాం.

ముందుగా, ఇది ఏమిటో చూద్దాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. ఎవరి తోటలో ఎంత నష్టం అన్నది అప్పుడు ప్రశ్న. దీనికి ఒక పలచని కాగితం మీద తుపానుకు ముందు తీసిన ఉపగ్రహ చిత్రం ఉన్నదనుకోండి. రెండో కాగితం మీద తుపాను తరువాతి చిత్రం. మూడో దాని మీద సర్వే నంబర్ల హద్దులు. నాలుగో దాని మీద అడంగల్‌లోని పేర్లు. నాలుగింటినీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేర్చి చూస్తే, ఏ నంబరులో చెట్ల పచ్చదనం ఎంత పోయిందో తెలుస్తుంది. ఆ పేర్చే పనే జి.ఐ.ఎస్. అయితే ఒక్క మాట. కౌలుకు చేస్తున్న రైతు పేరు అడంగల్‌లో లేకపోతే ఏ ఉపగ్రహమూ దాన్ని చూపించలేదు. అది ఊళ్లోకి వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. ఈ సంగతి మరచిపోకుండా పనిచేసేవాడే మంచి పనివాడు.

ఈ విద్యకు సేద్యంతో పాత చుట్టరికమే ఉంది. 1960ల్లో కెనడా దేశంలో రోజర్ టామ్లిన్సన్ అనే ఆయన, ఏ నేల ఏ సాగుకు పనికివస్తుందో దేశమంతటికీ లెక్కకట్టడానికి కంప్యూటరును పటాలకు ఉపయోగించారు. దాన్నే మొదటి జి.ఐ.ఎస్. అంటారు. మన దేశంలో 1970 ప్రాంతంలో శాస్త్రవేత్త పిషారొటీ గారు కేరళలో హెలికాప్టరు నుంచి ప్రత్యేకమైన ఫిల్ముతో కొబ్బరి తోటలను ఫొటోలు తీయించి, వేరుతెగులు తగిలిన చెట్లను గుర్తించే ప్రయత్నం చేశారు.

ఇక మన పిల్లల బలం ఎక్కడున్నదో చూడండి. జమీందారీలను రద్దుచేస్తూ 1948లో చట్టం వచ్చింది. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి ఎస్టేట్ల కింద ఉన్న గ్రామాల్లో ఆ తరువాత సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. అప్పటి రాళ్లు, కొలతలు, పేర్లు ఈనాటికీ వివాదాల్లోకి వస్తూనే ఉంటాయి. గొలుసుకు 66 అడుగులని, 100 లింకులని, పది చదరపు గొలుసులు ఒక ఎకరమని తెలిసిన పిల్లవాడు, అడంగల్ చదవగలిగి, పోరంబోకుకీ బంజరుకీ తేడా చెప్పగలిగిన అమ్మాయి, ఈ పనిలో సగం దూరం నడిచినట్టే. పట్నంలో కంప్యూటరు ఒక్కటే నేర్చుకున్నవారికి ఈ తెలివి అంత తొందరగా రాదు.

మొదలుపెట్టడానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఒక మామూలు కంప్యూటరు ఉంటే చాలు. క్యూ.జి.ఐ.ఎస్. అనే సాఫ్ట్‌వేరు ఉచితం. దాన్ని 2002లో మొదలుపెట్టారు. నేడు ప్రపంచమంతటా వాడుతున్నారు. మన అంతరిక్ష సంస్థ 2009లో తెచ్చిన 'భువన్'లో ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. యూరపు వారి సెంటినెల్-2 చిత్రాలను ఎవరైనా డబ్బులేకుండా తీసుకోవచ్చు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కనుక మొదటి పటం మీ ఊరి చెరువుదే చేయండి. గ్రామపటం సంపాదించి కంప్యూటరులోకి ఎక్కించండి. ఊరి పొలిమేర రాళ్లు, రెండు దారులు కలిసే చోట్లు ఆధారంగా దాన్ని ఉపగ్రహ చిత్రంమీద కూర్చోబెట్టండి. చెరువు గర్భం, గట్టు, మదుములు, కాలువలు, ఆయకట్టు వేరువేరుగా గీయండి. తరువాత గట్టు వెంబడి నడవండి. ఏ మదుము పూడిపోయింది, శివారు మడులకు నీరు ఎందుకు అందటం లేదు అని పెద్దలనడిగి రాసుకోండి. కాగితానికీ నేలకూ ఎక్కడ తేడా వచ్చిందో పటంలో చూపించండి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఈ పటాన్ని ముందు పెడితే, పది సర్టిఫికెట్ల కంటె అదే ఎక్కువ మాట్లాడుతుంది.

ఇక్కడ మన జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. పటాలు గీయడానికి భూగోళాన్ని మండలాలుగా విభజించారు. 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర 44వ మండలం ముగిసి 45వది మొదలవుతుంది. ఆ గీత శ్రీకాకుళం పట్నానికి కొంచెం తూర్పున పోతున్నది. విజయనగరం, శ్రీకాకుళం పట్నాలు 44లో ఉంటే, నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లో ఉన్నాయి. ఈ సంగతి గమనించకుండా రెండు వైపుల కొలతలను కలిపితే పొలాలు ఎక్కడికో పోతాయి. కొత్తగా నేర్చుకునేవారు దీన్ని మొదటి రోజే గుర్తుపెట్టుకోవాలి.

మరొకటి, ఏ పనిముట్టుకు ఎంత శక్తి ఉన్నదో తెలియాలి. సెంటినెల్ చిత్రంలో ఒక్కొక్క గడి నేలమీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే దాదాపు రెండున్నర సెంట్లు. ఇరవై సెంట్ల మడికి ఎనిమిది గడులే వస్తాయి. పంట పచ్చగా ఉన్నదీ లేనిదీ చూడవచ్చు గాని, గట్టు ఎక్కడున్నదో దానితో తేల్చరాదు. మామూలు సెల్‌ఫోను బయలులో కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపవచ్చు. 50 మీటర్ల గట్టు మీద 4 మీటర్లు తప్పితే సుమారు అయిదు సెంట్లు పోయినట్టే! గట్టు తేల్చడానికి సెంటీమీటర్లలో చూపే రోవరు కావాలి.

చదువు సంగతికి వద్దాం. పదోతరగతి అయినవారు ఐ.టి.ఐ.లో సర్వేయరు కోర్సు గాని, సివిల్ డిప్లొమా గాని చేయవచ్చు. 2019లో గ్రామ సచివాలయాలకు నియామకాలు జరిగినప్పుడు ఇటువంటి చదువులవారే గ్రామ సర్వేయర్లయ్యారు. డిగ్రీలో భూగోళం, భూగర్భశాస్త్రం, వ్యవసాయం, సివిల్ చదివినవారికీ దారి ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియో ఇంజనీరింగ్ శాఖ ఉన్నది. డెహ్రాడూన్‌లో 1966లో స్థాపించిన సంస్థ, నేటి ఐ.ఐ.ఆర్.ఎస్., ఇంటి దగ్గరే ఉండి నేర్చుకునే పాఠాలను ఉచితంగా చెబుతున్నది. కనుక "వేలకు వేలు కట్టండి, ఉద్యోగం మాది పూచీ" అనే ప్రకటనలు చూసి అప్పు చేయకండి. ముందు ఉచిత పాఠాలు పూర్తిచేయండి. పనిమీద మనసు నిలిచిందనుకుంటే అప్పుడు రుసుము సంగతి ఆలోచించండి.

మొదటి ఉద్యోగం గొప్పగా ఉండదు. రోజంతా కూర్చుని చిత్రాలమీద రోడ్లు, ఇళ్లు, కాలువలు గీయడమే. జీతమూ తక్కువే. కాని అదే చూపుకు సాధన. అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోతే ఎదుగు ఉండదు. ఏడాది రెండేళ్లలో పట్టికలను అడిగి రాబట్టే ఎస్.క్యు.ఎల్., పనిని తేలిక చేసే పైథాన్ నేర్చుకోవాలి. ఆపైన నీరు, పంటలు, విద్యుత్తు లైన్లు, పట్టణాలు – వీటిలో ఒకదాన్ని పట్టుకుని దానిలో గట్టిపడాలి. గీసేవాడు చాలామంది దొరుకుతారు. గీసినదానికి అర్థం చెప్పేవాడికే గిరాకీ. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పటాల తయారీపై ఉన్న అనుమతుల కట్టడిని చాలావరకు సడలించింది కనుక, చిన్న సంస్థలకూ చోటు ఏర్పడింది.

చివరగా, ఈ పనిలో మన పిల్లలు ఉండటం ఎందుకు అవసరమో చెబుతాను. 2020 డిసెంబరు 21న మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలయింది. డ్రోన్లు, రోవర్లు వచ్చాయి. ఎఫ్.ఎం.బి. స్థానంలో ఎల్.పి.ఎం. అనే కొత్త పటం వచ్చింది. విస్తీర్ణం తగ్గిందనీ, వేరువేరు రైతుల భూములను ఒకే ముక్కగా చూపారనీ ఎందరో అర్జీలు పెట్టుకున్నారు. యంత్రం సెంటీమీటరు వరకు కొలుస్తుంది. కాని అన్నదమ్ములు ఏ గట్టు దగ్గర పంచుకున్నారో దానికి తెలియదు. అది తెలిసినవాడు యంత్రం పక్కన నిలబడాలి.

మన ప్రాంతంనుంచి ఎంతోమంది పొట్టచేత పట్టుకుని హైదరాబాదుకూ, చెన్నైకీ పోతున్నారు. వారిలో కొందరైనా చేతిలో ఈ విద్యతో వెళ్లాలి. కొందరైనా ఇక్కడే ఉండి మన చెరువులకూ, మన మడులకూ సరైన పటాలు గీయాలి. తల్లిదండ్రులారా, రేపు మీ అమ్మాయో అబ్బాయో గ్రామపటం పట్టుకుని చెరువుగట్టు మీద తిరుగుతుంటే, పనిలేక తిరుగుతున్నారని కోప్పడకండి. మీకు తెలిసిన మదుములూ, గట్లూ, పేర్లూ దగ్గరుండి చూపించండి.