పని పొందికను నేర్పు విద్య
(పావగడలో కళాశాల విద్యార్థుల సభయందు మా సంఘము పక్షమున చేసిన ఉపన్యాసము)



మేము పదవ తరగతితో చదువు చాలించి వేరుసెనగ వ్యాపారమున దిగినవారము. ఇంజినీరింగును గూర్చి మాటలాడుటకు మాకు అర్హత యేమని మీకు సందేహము కలుగవచ్చును. ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ ఇంజినీరింగు అను శాస్త్రము పేరు వినుటకు ముందే, అది తెలియక నష్టపడినవారము గనుక రెండు మాటలు మనవి చేయుచున్నాము.

కొన్నేండ్ల క్రిందట మా మండీలో పని ఆలస్యమగుచున్నదని కాయ ఒలుచు రెండవ యంత్రమును తెచ్చితిమి. అయినను లారీలు రాత్రి వరకు వాకిట నిలిచియే యుండెను. ఇంజినీరింగు చదువుచున్న మా బంధువుల పిల్లవాడొకడు సెలవులకు వచ్చి, రెండు దినములు గడియారమును కాగితమును పట్టుకొని ఒక మూల కూర్చుండెను. ప్రతి మూట దిగుటకు, తూచుటకు, ఒలుచుటకు, తిరిగి కుట్టుటకు ఎంతసేపు పట్టినదో వ్రాసికొనెను. చూడగా యంత్రములు రెండును సగము పూట ఊరకయే యున్నవి! కాటా ఒక్కటి, చిట్టా వ్రాయు గుమాస్తా ఒక్కడు. అడ్డు అక్కడ నున్నది. రెండవ కాటా పెట్టి మరియొక గుమాస్తాను కూర్చుండబెట్టగానే లారీలు ప్రొద్దు గ్రుంకక మునుపే కదలినవి. యంత్రమునకు పెట్టిన సొమ్ము మా తొందరపాటునకు జరిమానా యయ్యెను.

ఈ శాస్త్రసారము ఇదియే. ఒక ఇంజినీరు యంత్రమును నిర్మించును; మరియొకడు దానికి విద్యుత్తు నిచ్చును. మనిషి, యంత్రము, సరకు, కాలము, ధనము అను నైదింటిని ఒక్క పొందికగా కూర్చువాడు ఈ శాస్త్రము చదివినవాడు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికాలో ఫ్రాంక్ గిల్బ్రెత్ అను నాయన ఇటుకలు పేర్చు తాపీవాని పనిని పరిశీలించి, ఒక్కొక్క యిటుకకు పట్టు 18 కదలికలను 5కు తగ్గించెను. ఇటుకలను చేతికందు ఎత్తున బల్లపై నుంచుటచే మాటిమాటికి వంగు బాధ తప్పెను. పని పెరిగెను, నడుము నొప్పి తగ్గెను.

ఇక మన తాలూకాకు రండు. తిరుమణి మొదలగు ఐదు గ్రామములలో సుమారు 13,000 యెకరములలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు కలదు. 2018లో ప్రారంభమై, 2019 చివరకు పూర్తి సామర్థ్యమును పొందినది. భూమిని కొనక, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలతో మొదలిడి, రైతుల యొద్ద కౌలుకు దీసికొనిరి. ఇది మన కన్నుల యెదుటి పాఠ్యగ్రంథము. సూర్యుడు పగలే యిచ్చును. దీపములకు గిరాకీ సాయంకాలమున పెరుగును. పలకలపై దుమ్ము కడుగవలెను. మనది నీటికి కటకటలాడు సీమ. వీనినన్నిటిని కలిపి యోచించుటయే వ్యవస్థా దృష్టి.

అయితే ఒక ప్రశ్న. కౌలు డబ్బు భూమి గలవానికి చేరినది. ఆ పొలములలో కలుపు తీసి, కాయ పెరికిన కూలివాని మాటయేమి? కొందరికి పలకలు కడుగు పని, కావలి పని దొరికినవి గాని, పోయిన పనికి అవి సాటిరాలేదు. లెక్క తప్పలేదు; లెక్కకు గీసిన గీత చిన్నదైనది. ఎవరిని గీత లోపల నుంచవలెను, ఎవరిని వెలుపల నుంచవలెను అనునదే ఈ విద్యలో మొదటి ప్రశ్న యని మా అభిప్రాయము.

ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో ఈ పేరిటనే శాఖ కలదు. బెంగళూరు కళాశాలలలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ అండ్ మేనేజ్‌మెంటు అను పేర బోధింతురు. ముంబయిలో 1963లో ఈ విద్యకై వెలసిన జాతీయ సంస్థ 2023లో ఐ.ఐ.ఎం. ముంబయిగా మారినది. గణితమును, సంఖ్యాశాస్త్రమును నిర్లక్ష్యము చేయకుడు.

మీరు ఇంట తెలుగు, బజారున కన్నడము, తరగతిలో ఇంగ్లీషు మాటలాడువారు. హమాలీ చెప్పుకొను కష్టమును అధికారి లెక్కలోనికి చేర్చుటకు మీకంటె తగినవారెవరు? చదివి రండు. మా మండీ వాకిలి తెరచియే యుండును. మీ గడియారముతో వచ్చి మా తప్పులను పట్టుడు, మేము నొచ్చుకొనము.